గీత లేని మూడు కార్డులు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, సీలు వేసిన నమూనా గది తలుపు ముందు ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. వారిలో లోపలికి అడుగు పెట్టాలన్న కోరిక బొత్తిగా లేనివాడు హెడ్ కానిస్టేబుల్ చలమయ్య.

“నన్నొగ్గేయండి బాబూ, నాను రాను,” అన్నాడతను, టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ. “నిన్న పొద్దుగూకినాక కిటికీ అద్దంలోంచి సూసినాను. అది తల దించేసింది.”

“ఏది?” అని అడిగాడు కామరాజు.

“ఆ డాక్టరుబాబు కట్టించిన బూతమండీ. ఆదివారం సీలేసినప్పుడు పడగెత్తి ఉంది. ఇప్పుడేమో ఆయన పడిపోయిన సోటు వాసన సూత్తంది.”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పోలిరాజు ముక్కుతో నవ్వాడు. “ముప్పై ఏళ్ళ సర్వీసు వీడిది. తీగముక్కలకి దడుచుకుంటన్నాడు. కామరాజు గారూ, మీకిచ్చింది ముప్పావు గంట. మూడింటికి జగ్గయ్యని మేజిస్ట్రేటు గారి ముందు పెడతాను. నాకాడ చెప్పిన మాటే అక్కడా చెబుతానన్నాడు. ఈలోగా మీరు లెక్కపెట్టుకునేదేటుందో లెక్కపెట్టుకోండి. హార్బర్లో బస్తాలు లెక్కపెట్టిన చెయ్యి కదా, ఊరుకోదు!”

కామరాజు ఆ ఎత్తిపొడుపును విననట్టే తలుపు గొళ్ళెం మీద ఉన్న లక్క దగ్గరికి వంగాడు. పోర్టు కస్టమ్స్‌లో ఇరవై రెండేళ్ళు సరుకు పరీక్షించిన మనిషి అతడు. నాలుగేళ్ళ క్రితం, పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, ఆ ఉద్యోగం వదిలిపెట్టి ప్రైవేటు పరిశోధన మొదలుపెట్టినా, చూసిన ప్రతి వస్తువుకూ వేళ, సంఖ్య రాసుకునే అలవాటు మాత్రం వదల్లేదు. చూపుడువేలి గోటితో లక్క అంచును ఒకసారి తడిమి, జేబులోంచి నోటుపుస్తకం తీశాడు.

“ఈ సీలు వేసిందెప్పుడు?”

“ఆదివారం రాత్రి ఏడున్నరకి.”

“మధ్యలో తీయలేదు కదా?”

“తీస్తే పంచనామా రాయాలి కదండీ. రాయలేదు, తీయలేదు.”

కామరాజు ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుని, పుస్తకం మూసి, “అయితే తెరవండి,” అన్నాడు.

జరిగిన సంగతి పైకి చూస్తే చాలా సూటిగా ఉంది. ఆ వైరస్ పరిశోధనాలయంలో డాక్టర్ అర్జునరావు ఆదివారం సాయంత్రం అయిదున్నరకు ఈ గదిలోనే తల పగిలి పడి ఉండగా కావలివాడు చూశాడు. పక్కన ఇనుప స్టాండు దొర్లి ఉంది. ప్రాణం పోయినది నాలుగున్నరకూ అయిదుంబావుకూ మధ్య అని డాక్టర్ల మాట. ఆ రోజు గేటు పుస్తకంలో బయటినుంచి వచ్చినట్టు ఉన్నది ఒక్కటే పేరు: లాబ్ అటెండరు జగ్గయ్య, యారాడ. లోపలికి రెండున్నర, బయటికి నాలుగూ నలభై. నాలుగుంబావుకు లోపలినుంచి జగ్గయ్య కేకలు వేయడం కూడా కావలివాడు విన్నాడు. “తప్పు బాబూ! నాను కట్టను!” అని.

జగ్గయ్య భార్య తవిటమ్మ సోమవారం తెల్లవారేసరికి కామరాజు ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. “మా మావ సేపల్ని సంపుతాడు గాని మనుసుల్ని సంపడు బాబూ. ఆ డాక్టరుబాబంటే దేముడు మావోడికి,” అని మాత్రం అంది. “మంగళారం మూడింటికల్లా వదిలిపెట్టించుతానని మాటియ్యండి.” ఎన్నడూ ఎవరికీ మాటివ్వని కామరాజు, ఎందుకో గాని, ఆవిడకు ఇచ్చాడు.

తలుపు కిర్రుమంది. ముందు లోపలికి వెళ్ళినది కామరాజే.

రెండు రోజులుగా గాలి ఆడని ఆ గదిలో తుప్పువాసన, దానికింద పాత రక్తపు వాసన ఉన్నాయి. మూసిన కిటికీ సందుల్లోంచి కూడా పోర్టు నుంచి వచ్చే ఇనప ఖనిజపు ఎర్రదుమ్ము చొరబడి, బల్లల మీద, పుస్తకాల మీద పలచని పొరగా పేరుకుంది. గది మధ్యలో, పైకప్పు కొక్కెం నుంచి ఒకే ఒక తాడుమీద, మనిషెత్తు ఆకారం వేలాడుతోంది. సన్నని తీగకు గుచ్చిన అరవై రెండు రంగు పూసల దండ అది. ఒకచోట స్ప్రింగులా చుట్టలు తిరిగి, ఒకచోట మడతలు పడి, చివరికి పాముమెడలా బయటికి సాగింది. ఫ్యాను ఆడడం లేదు. అయినా అది కనీకనిపించకుండా ఊగుతోంది.

ఆ మెడ నేలవైపు వంగి ఉంది. దాని కొన, శవం తల ఉన్నచోట పోలీసులు గీసిన సుద్దగీతకు బెత్తెడు ఎత్తులో ఆగింది.

చలమయ్య గుమ్మంలోకి ఒక అడుగు వెనక్కి వేశాడు.

కామరాజు జేబులోని కవరులోంచి పోలీసు ఫోటో తీశాడు. ఆదివారం సాయంత్రం ఆరుంబావుకు తీసినది. పోలిరాజు గుమాస్తాను బతిమాలి సంపాదించిన ప్రతి అది. ఫోటోలో నేలమీద అర్జునరావు. ఆయన పైన, గోడమీద పెద్ద నీడతో సహా, అదే మెడ నిటారుగా లేచి ఉంది.

“చలమయ్య కల్లలాడలేదు,” అన్నాడు కామరాజు ఫోటోను పోలిరాజు చేతికిస్తూ. “నిజంగానే తల దించింది.”

పోలిరాజు ఫోటోను, నమూనాను రెండుసార్లు మార్చి మార్చి చూశాడు. “తీగ సాగిపోయుంటుంది. బరువుకి.”

“ఎనిమిది నెలలుగా సాగని తీగ, ఆయన చచ్చిపోయాక సాగిందంటారు.”

“మరేటంటారు? దెయ్యమంటారా?”

“జగ్గయ్యను పిలిపించండి. దీన్ని కట్టినది అతనే కదా, అడుగుదాం.”

జగ్గయ్యను తీసుకువచ్చేలోగా కామరాజు గోడవైపు నడిచాడు. అక్కడ అర్జునరావు స్వహస్తాలతో గీసిన పటం ఒకటి ఉంది. ఇరవై చేపల బొమ్మలు, ఒక్కొక్క బొమ్మ పక్కన ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం. దాని అర్థం ఆ ఉదయం అర్జునరావు భార్య వెంకటరమణమ్మ చెప్పగా కామరాజుకు తెలుసు.

మెదడువాపు తెచ్చే వైరస్ ఒంటినిండా ముళ్ళలాంటి ప్రోటీన్లు ఉంటాయి. మనిషి కణాన్ని అది పట్టుకునేది ఆ ముళ్ళతోనే. ముల్లు ఆకారం తెలిస్తే, బయటికి పొడుచుకువచ్చిన కొన ఏదో తెలుస్తుంది. ఆ కొనను పోలిన చిన్న ముక్కను తయారుచేస్తే టీకాకు దారి దొరుకుతుంది. కాని ఆ ముల్లును కళ్ళతో చూసినవాడు లేడు. తెలిసిందల్లా, ఇరవై రకాల అమైనో ఆమ్లాలు దానిలో ఏ వరుసన గుచ్చి ఉన్నాయో, అంతే. ఏ పూస పక్కన ఏ పూస పడితే దండ చుట్ట తిరుగుతుంది, ఎక్కడ మడత పడుతుంది, ఏ పూస నీటికి జడిసి లోపలికి దాక్కుంటుంది అని లెక్కకట్టి, చూడని ఆకారాన్ని ఊహించడమే అర్జునరావు పని. లెక్కలు పక్క భవనంలోని కంప్యూటర్ చేసేది. ఆకారాన్ని జగ్గయ్య కట్టేవాడు.

జగ్గయ్యకు అక్షరం ముక్క రాదు. అందుకని అర్జునరావు ఇరవై ఆమ్లాలకూ చేపల పేర్లు పెట్టాడు. నీటిని ఇష్టపడి పైకి తేలేవాటికి పైనీళ్ళ చేపల పేర్లు: కవ్వలు, కానాగంతలు, వంజరాలు. నీటికి దూరంగా లోపల దాగేవాటికి అడుగున తిరిగేవాటి పేర్లు: టేకులు, పీతలు. పూసలు కూడా జగ్గయ్య వలసామాను నుంచి వచ్చినవే. పైనీళ్ళవాటికి వలకు కట్టే తేలిక బెండ్లు, అడుగువాటికి సీసం గుళ్ళు. అన్నిటికీ రంగులు.

కామరాజు నోటుపుస్తకంలో మరొక పుట తెరిచాడు. అందులో అరవై రెండు అక్షరాలు, వరుస సంఖ్యలతో సహా, అతని ముత్యాల రాతలో ఉన్నాయి. ఆ ఉదయం తొమ్మిదీ నలభైకి కంప్యూటర్ గదిలో కూర్చుని ఎక్కించుకున్నవి.

అర్జునరావు శనివారం సాయంత్రం కంప్యూటర్ గది నుంచి ఇంటికి తెచ్చుకున్న కార్డుల కట్టను వెంకటరమణమ్మ కామరాజు చేతిలో పెట్టింది. పోలీసులు దాన్ని చిల్లులు పడిన అట్టముక్కలని వదిలేశారట. ఒక పూసకు ఒక కార్డు. అలా అయితే ఒక పూస మార్చి చూడాలంటే ఒక కార్డు మారిస్తే చాలు. కామరాజు ఆ కట్టను తిన్నగా కంప్యూటర్ ఆపరేటర్ తాయారు దగ్గరికి తీసుకువెళ్ళాడు. తణుకు వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకుంది. ఆదివారం ఆరింటిదాకా డ్యూటీలో ఉన్నది ఆవిడ ఒక్కతే. శనివారం కట్ట ఇచ్చిన తర్వాత అర్జునరావుతో మాట్లాడనే లేదని, చెబుతూ చెబుతూ కళ్ళజోడు తుడుచుకుంది. కామరాజుకు కాఫీ తెప్పించింది.

కట్ట పైఅంచు మీద, మొదటి కార్డు నుంచి చివరిదాకా ఏటవాలుగా, నల్లసిరాతో ఒక గీత ఉంది.

“ఈ గీతేనండీ మా ప్రాణాలు కాపాడేది,” అంది తాయారు నవ్వుతూ. “కట్ట చేతిలోంచి జారి చెల్లాచెదురైందనుకోండి. గీత కలిసేలా పేర్చుకుంటే వరుస దానంతటదే వచ్చేస్తుంది.”

ఆ నల్లగీతలో మూడుచోట్ల తెల్లటి వెంట్రుకల్లాంటి ఖాళీలు కామరాజుకు కనిపించాయి. మూడు కార్డులకు సిరా లేదు. లెక్కపెట్టాడు: నలభై ఒకటి, నలభై నాలుగు, నలభై ఎనిమిది.

“అవాండీ? తప్పు పడ్డ కార్డు తీసేసి కొత్తది పెడతాం కదా, దానికి గీత ఉండదు. కె మీట, ఎల్ మీట పక్కపక్కనే ఉంటాయి, వేలు జారుతుంది. రోజూ ఉండే భాగోతమేనండీ ఇది. కట్ట ఇక్కడ ఉంచి వెళ్ళండి. సాయంత్రానికి శుభ్రంగా అచ్చు తీసి ఇస్తాను.”

సబబుగానే తోచింది. కార్డుల తలమీద అచ్చయి ఉన్న అక్షరాలను వరుసగా పుస్తకంలోకి ఎక్కించుకుని, కట్టను ఆవిడ బల్లమీదే ఉంచి వచ్చాడు.

పదకొండూ నలభై అయిదుకు జగ్గయ్యను తీసుకువచ్చారు. చేతులకు బేడీలు. పెదవి చిట్లి ఉంది. గుమ్మంలో అడుగు పెట్టగానే అతని చూపు నేలమీది సుద్దగీత మీద పడింది, అక్కడినుంచి నమూనా మీదికి పాకింది. బేడీల చేతులు దానివైపు చాచాడు.

“ఎవులు ముట్టుకున్నారు దీన్ని?” అన్నాడు. “బాబూ, ఎవులు ముట్టుకున్నారు?”

“నువ్వు వెళ్ళేటప్పుడు ఎలా ఉంది జగ్గయ్యా?”

“ఎత్తుకునుంది బాబూ. పడగ నాగన్నాగ ఎత్తుకునుంది. నాను బెండ్లు సరిసూసి కట్టినాను, అలా ఎత్తుకునే ఉండాల. డాక్టరుబాబు రోజూ పొద్దున వొచ్చి దానికి దండమెట్టేవోరు.”

“ఆదివారం కేకలెందుకు వేశావు?”

జగ్గయ్య పోలిరాజువైపు భయంగా చూశాడు.

“చెప్పరా,” అన్నాడు పోలిరాజు. “నాకు చెప్పిన కథే ఈయనకీ చెప్పు. డాక్టరు చదువు చదివినాయనకి ఈడు తప్పులు దిద్దాడంట! వినండి కామరాజు గారూ, చెవులు తుప్పొదిలిపోతాయి.”

“కథ కాదు బాబూ. కంపూటరు కాగితమొకటి అట్టుకొచ్చినారు డాక్టరుబాబు. ‘ఒరే జగ్గయ్యా, మనం తప్పు కట్టేమురా, ఈ పడగ లోపలికి పోవాలంట, ఇప్పేయి,’ అన్నారు. ఆరే సదవతన్నారు, నాను పూసలు తడుంతన్నాను. నడాన కానాగంత అనాల్సిన సోట టేకు అన్నారు. ‘తప్పు బాబూ’ అన్నాను. ‘కాగితంలో ఇలాగే ఉందిరా, కట్టు’ అన్నారు. ‘నాను కట్టను’ అని కేకేసినాను. అదే బాబూ నా తప్పు.”

“కాగితం చదవలేనివాడివి, తప్పని నీకెలా తెలిసింది?”

జగ్గయ్య తల దించుకుని సిగ్గుపడ్డాడు. “నాకు మొత్తం వొచ్చు బాబూ. పాటలాగ కట్టుకున్నాను. వల కుట్టేటప్పుడు కన్నం కన్నానికీ ఒకో పేరు సెప్పుకుంటాను. ఆ పొద్దుదాకా డాక్టరుబాబుకి కూడా తెల్దు. అప్పుడే పాడినాను. ఆరు కుర్సీలో అలాగుండిపోయినారు. మొకంలో రగతం నేదు. ‘ఈ పాట ఇంకెవరికీ వినిపించకురా’ అన్నారు. మీ కాడ తప్ప ఎవులకాడా ఎత్తలేదు బాబూ, టేసన్లో కొట్టినా ఎత్తలేదు. మా ఆడదానికీ తెల్దు.”

పోలిరాజు మోచేత్తో చలమయ్యను పొడిచాడు. “పాటంట! ఇప్పుడు రికార్డింగ్ డాన్సు కూడా పెడదామా?”

“పాడనివ్వండి,” అన్నాడు కామరాజు. అతడు పటం ఎదురుగా కుర్చీ వేసుకుని, పుస్తకం మోకాలిమీద తెరిచి, పెన్సిలు పట్టుకున్నాడు. “కళ్ళు మూసుకో జగ్గయ్యా. మొదటినుంచి.”

జగ్గయ్య కళ్ళు మూసుకున్నాడు. బేడీలు వేసిన చేతుల్లో కనిపించని వల ఒకటి కదలడం మొదలైంది. ఎడమ బొటనవేలు ఒక్కో కన్నం మీదికి జరిగినట్టు జరిగింది.

“కవ్వ, కవ్వ, పీత... వంజరం... టేకు, నెత్తలి, టేకు...”

గొంతులో రాగం కన్నా ఊపు ఎక్కువ. ఆ మూసిన గదిలో, చచ్చినవాడి సుద్దబొమ్మ పక్కన, ఇంకెవరూ చూడని ఒక క్రిమి ఒంటి వరుస చేపల పేర్లతో పూసపూసగా వెలికివస్తుంటే, చలమయ్య గోడకు అంటుకుపోయాడు. పెన్సిలు ప్రతి పేరు దగ్గరా పటంలోని అక్షరాన్ని వెతికి, పుస్తకంలోని అక్షరం పక్కన టిక్కు పెడుతోంది. పది. ఇరవై. ముప్పై అయిదు. ఒక్కటీ తప్పలేదు. పోలిరాజు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. అతడు కామరాజు భుజం మీదినుంచి వంగి పుస్తకంలోకి చూస్తున్నాడు.

“...పీత, కవ్వ, కానాగంత...”

పెన్సిలు ఆగింది. నలభై ఒకటి. పుస్తకంలో ఉన్నది ఎల్, అంటే పటంలో టేకు. జగ్గయ్య అన్న కానాగంత పటంలో కె.

“ఆగకు,” అన్నాడు కామరాజు.

నలభై నాలుగు: కానాగంత. పుస్తకంలో టేకు. నలభై ఎనిమిది: కానాగంత. పుస్తకంలో టేకు. ఆ తర్వాత చివరిదాకా మళ్ళీ తేడా లేదు. జగ్గయ్య అరవై రెండో పేరు చెప్పి కళ్ళు తెరిచాడు.

“యాభై తొమ్మిది సరిపోయాయి,” అన్నాడు కామరాజు నెమ్మదిగా. “మూడు సరిపోలేదు. ఏ మూడో తెలుసా పోలిరాజు గారూ? కార్డుల కట్టలో సిరాగీత లేని మూడు. అంటే కట్టమీద గీత గీసిన తర్వాత ఎవరో తీసి మార్చిన మూడు. చదువురాని ఈ మనిషి ఆ కట్ట మొహం ఎన్నడూ చూడలేదు.”

పోలిరాజు పుస్తకంలోని ఆ మూడు అంకెలను వేలితో తాకి చూశాడు.

“ఇప్పుడు ఇలా రండి.” కామరాజు నమూనా దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. వంగిన మెడ మీద వేలు పెట్టి లెక్కపెట్టి, అవే మూడు సంఖ్యల దగ్గర టేకుల రంగులో ఉన్న మూడు నల్లపూసలు చూపించాడు. “మిగతా వాటన్నిటి మీదా ఎర్రదుమ్ము ఉంది. వీటిమీద లేదు. జగ్గయ్యా, ఇవి నువ్వు కట్టినవేనా?”

జగ్గయ్య బేడీల చేతులతోనే ఒకదాన్ని తడిమాడు. “సీసం గుళ్ళు బాబూ! ఇక్కడ నీలం బెండ్లు కట్టినాను నాను. మొనకాడ సీసం కడితే వొంగిపోదా మరి? ఈ ముడి కూడా నాది కాదు. అట్ట పెట్టికి ఏసినట్టు ఏసినారెవులో.”

“అదీ దెయ్యం,” అన్నాడు కామరాజు చలమయ్య వైపు తిరిగి. “కార్డులు మార్చిన మనిషే నమూనా కూడా మార్చాడు, రెండూ ఒకటే మాట చెప్పేటట్టు. అప్పుడు జగ్గయ్య చెప్పినది పిచ్చికథ అయిపోతుంది. కాని ఆ మనిషికి రంగులే తెలుసు, బరువులు తెలియవు. పెట్టెలో నల్లవి కనిపించాయి, గుచ్చేశాడు. తాను వెళ్ళిపోయాక ఇది మెల్లగా తల వంచుతుందని ఊహించలేకపోయాడు.”

“అదంతా ఆదివారం చంపేసి వెళ్ళేముందు చేసుండొచ్చు,” అన్నాడు పోలిరాజు. గొంతులో మునుపటి బలం లేదు.

“ఆరుంబావుకు మీ ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మలో మెడ లేచే ఉంది. ఏడున్నరకు సీలు వేసినప్పుడూ లేచే ఉందని మీ చలమయ్యే అంటున్నాడు. అప్పటికి జగ్గయ్య మీ లాకప్పులో ఉన్నాడు. కనక ఇది సీలు వేసిన గదిలో, సీలు వేసిన తర్వాత జరిగింది.” కామరాజు లేచి నిలబడ్డాడు. “ఇన్‌స్పెక్టరు గారూ, ఇరవై రెండేళ్ళు ఓడల్లో లక్కసీళ్ళు పగలగొట్టి మళ్ళీ అతికించిన దొంగల్ని పట్టుకున్నాను. మీ తలుపుమీద ఉన్నది ఒక సీలు కాదు, రెండు. పైలక్క అంచు కింద పాతలక్క పగిలిన పలుకు గోటికి తగిలింది. మూడింటికి మేజిస్ట్రేటు గారి ముందు ఆ మాట నేను చెప్పాలా, ఇప్పుడు నాకు మీరు చెబుతారా?”

పోలిరాజు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. తర్వాత, “చలమయ్యా, బయటుండు,” అన్నాడు.

“సోమారం పొద్దున పదింటికి,” అన్నాడు తలుపు మూసుకున్నాక. “ఇక్కడి డైరెక్టరు గారు ఫోన్ చేశారు. ఢిల్లీకి పంపాలి, ఈ బొమ్మకి ఫోటో కావాలన్నారు. పెద్దమనిషి, కాదనలేకపోయాను. పది నిమిషాలు. నేను గుమ్మంలోనే ఉన్నాను, కళ్ళార్పలేదు. ఆయన కెమెరా తప్ప ఏదీ ముట్టుకోలేదు, పిల్లల మీద ఒట్టు.”

“ఆయన ఒక్కరే వచ్చారా?”

“బొమ్మ వెనక తెల్లగుడ్డ పట్టుకోడానికి ఒకావిడ. గుడ్డ ఎత్తి పట్టుకుంది, అవతలున్న మనిషి నాకు కనబళ్ళేదు. నేనప్పుడు నవ్వుతా ఈ జగ్గయ్య కథే చెబుతున్నాను ఆళ్ళకి, పూసలు తప్పన్నాడంట అని. పాపం, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.” పోలిరాజు గుర్తు తెచ్చుకున్నాడు. “కళ్ళజోడుకి నల్లదారం ఉంటాది.”

కామరాజుకు కంప్యూటర్ గదిలో తాయారు అన్న మాట గుర్తుకు వచ్చింది.

కె మీట, ఎల్ మీట పక్కపక్కనే ఉంటాయండీ. ఆవిడ ఆ మాట అన్నప్పుడు ఆ మూడు కార్డులు ఇంకా కట్టలోనే ఉన్నాయి. వాటిమీద ఏ అక్షరం ఉందో అప్పటికి తానే చూడలేదు. ఆవిడా చూడలేదు. చూడవలసిన అవసరం లేకపోయింది.

“జగ్గయ్యా, నిన్ను ఇంటికి పంపేముందు డాక్టరుగారు ఎవరితోనైనా మాట్లాడారా?”

“పోన్లో బాబూ. అదిగో ఆ నల్ల పోన్లో. రెండుసార్లే తిప్పినారు. ‘అమ్మా, ఒకసారి ఇలా రా, నీతో పని పడింది’ అన్నారు. కోపంగా అన్లేదు. మా అమ్మిని పిల్సినట్టు పిలిసినారు.”

రెండంకెలు తిప్పితే పలికేది ఈ ఆవరణలోని గదులే. ఆవరణలోని క్వార్టర్లలోనే ఉండేవారు గేటు పుస్తకంలో సంతకం పెట్టనక్కర్లేదు. ఫోను పక్కన అతికించిన కాగితంలో కంప్యూటర్ గది నంబరు ఇరవై ఏడు.

పన్నెండూ పదికి కామరాజు రిసీవరు ఎత్తి, రెండు, ఏడు తిప్పాడు. రెండో గంటకే అవతల ఎత్తారు.

“తాయారు గారా? కామరాజునండి. పొద్దున వదిలివెళ్ళిన కట్టకోసం...”

“అయ్యో, మీకే చేద్దామనుకుంటున్నానండీ.” గొంతు కాఫీ ఇచ్చినప్పుడు ఉన్నంత మెత్తగానే ఉంది. “మీ కార్డులు బాగా నలిగిపోయాయి, యంత్రం మింగనంటోంది. అందుకని మొత్తం కొత్త కార్డుల మీదికి దించేశాను. మీ కట్ట ఇప్పుడు మల్లెపువ్వులా ఉందనుకోండి. పైన గీత కూడా గీసిపెట్టాను, ఈ కొస నుంచి ఆ కొసకి.”

“పాతవి?”

“చింపించి కాల్పించేశానండీ. ఇక్కడి రూలు అది.”

కామరాజు కళ్ళు మూసుకున్నాడు. బెల్లం ముక్క ఎలుకకే దాచమని ఇచ్చి వచ్చాడు తాను. మూడు ఖాళీలున్న నల్లగీత ఈ లోకంలో ఇక లేదు. దాని సాక్ష్యం తన పుస్తకంలోని మూడు అంకెలు మాత్రమే. వాటిని ఏ కోర్టూ నమ్మదు. అర్జునరావు ఫైల్లో ఉండవలసిన అసలు వరుస కాగితం కూడా కనిపించడం లేదని వెంకటరమణమ్మ ఉదయమే చెప్పింది.

“వింటున్నారాండీ?” అంది ఆ గొంతు. తర్వాత కొంచెం ఆగి, జాలిగా, “పాపం జగ్గయ్య ఎలా ఉన్నాడండీ? అన్ని దెబ్బలు తిన్నాడట కదా. ఆ పాట... మొత్తం గుర్తుందా ఇంకా?”

ఫోను అవతల పెట్టేశారు.

కామరాజు రిసీవరును వెంటనే పెట్టలేదు. ఆ పాట ఉందని అర్జునరావుకే ఆదివారం నాలుగుంబావుకు గాని తెలియదు. ఆయన అయిదుంబావుకల్లా ప్రాణాలతో లేడు. మధ్యలో ఆ మాట ఆయన ఎవరితో చెప్పాడో, వారే ఆయనను ఆఖరుసారి చూసినవారు.

అతడు వెనక్కి తిరిగాడు. జగ్గయ్య నేలమీద కూర్చుని, బేడీల చేతులు పైకెత్తి, వంగిన మెడకింద అరచేతులు ఆనించి లేపి పట్టుకున్నాడు, తడిసిన పిట్టను ఎత్తినట్టు. పెదవులు ఇంకా కదులుతున్నాయి. వైరస్ ముల్లు అసలు వరుస ఇదని చెప్పగల సాక్ష్యం ఈ భూమ్మీద ఇప్పుడు అక్కడ తప్ప మరెక్కడా లేదు.

“మీరే గెలిచారు లెండి,” అన్నాడు పోలిరాజు ముభావంగా, జేబులోంచి తాళంచెవి తీస్తూ. “మేజిస్ట్రేటు గారికి నేనే చెప్పుకుంటాను. ఈడిని ఇప్పుడే ఇంటికి పంపేస్తాను. పడవెక్కి యారాడ పోతాడు.”

కామరాజు ఒక్క అంగలో వచ్చి ఆ తాళంచెవిని తన పిడికిట్లోకి తీసుకున్నాడు. తవిటమ్మకు ఇచ్చిన మాట గుర్తుకు వచ్చినా పిడికిలి విప్పలేదు.

“వద్దు పోలిరాజు గారూ,” అన్నాడు. “మీకు దండం పెడతాను. ఇతణ్ణి వదలకండి.”